రెండో హోల్‌స్టర్

మార్చి 4

డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. రక్తపోటు మరీ ఎక్కువగా ఉందట. నలభై ఆరేళ్ళ ఆడది పొద్దస్తమానం మాంసం కొట్టులో నిలబడి పందుల్నీ జింకల్నీ కోస్తుంటే అది వ్యాయామం కిందికి రాదట. అందుకని పాత రాతి క్వారీ దగ్గరున్న పిస్తోలు క్లబ్బులో పేరు రాయించాను. అక్కడ పరిగెత్తుతారు, వంగుతారు, మోకాళ్ళ మీద కూర్చుంటారు, అట్టతో చేసిన మనుషుల్ని కాలుస్తారు. ఎంతసేపట్లో కాల్చారో గడియారం చెబుతుంది. వ్యాయామమే కదా.

నాన్న పిస్తోలు బీరువాలో ఉంది. నడుముకి తగిలించుకునే ఒర, హోల్‌స్టర్, కొనాలి.

చెల్లెలు మార్లిస్‌తో చెప్పాను. నవ్వింది. "నువ్వా? ఉడతను కొడితే రెండ్రోజులు అన్నం తినలేదు కదక్కా నువ్వు" అంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మార్చి 5

ఉత్తరం గురించి రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు మరి.

జైలు వాళ్ళు రాశారు. డ్వైట్ సాకెట్ మే తొమ్మిదిన విడుదల అవుతాడు. నా చెల్లెలి మాజీ మొగుడు. బాధితురాలికి ముందుగా తెలియజేయడం వాళ్ళ బాధ్యతట. తెలియజేశారు. మార్లిస్ ఆ కాగితం చదివి, మడిచి, పిండి డబ్బా కింద పెట్టి, బంగాళాదుంపలు చెక్కు తీసుకుంటూ కూర్చుంది.

దానికీ క్లబ్బుకీ ఏ సంబంధమూ లేదు.

మార్చి 11

వేట సామాన్ల కొట్టులో గుడ్డ హోల్‌స్టర్ ఒకటి కొనుక్కుని క్లబ్బుకి వెళ్ళాను. కొత్తవాళ్ళకి నేర్పేది ఆర్విల్ టెష్ అనే పెద్దాయన. డెబ్బై ఒకటి దాటాయి. ముప్పై ఏళ్ళు ఈ జిల్లా అంతా ఉత్తరాలు పంచాడు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ ఎవరింట్లో ఏ కుక్క ఉండేదో అన్నీ చెబుతాడు.

"ఏంటమ్మాయ్ నడుముకి?" అన్నాడు.

"హోల్‌స్టర్."

"కాదు. అది కళ్ళజోడు సంచి. ఇలా రా."

తూటాలు ముట్టుకోకూడని బల్ల ఒకటుంది అక్కడ. పిస్తోలు సంచిలోంచి తీసి చూసుకోవాలన్నా, హోల్‌స్టర్‌లో పెట్టుకోవాలన్నా ఆ బల్ల దగ్గరే. ఖాళీ పిస్తోలు అందులో పెట్టించి, హోల్‌స్టర్‌ని తలకిందులు చేసి ఊపాడు. పిస్తోలు జారి ఆయన అరచేతిలో పడింది.

"నువ్వు పరిగెత్తితే ఇది నీకంటే ముందు పరిగెడుతుంది. కింద పడిందా, ఆ రోజుకి ఇంటికే" అన్నాడు. తర్వాత గుడ్డ మీద వేలితో నొక్కి చూపించాడు. "ట్రిగ్గర్ తగులుతోందా? బయటి నుంచి ఏదీ తగలకూడదు. ఇప్పుడు పిస్తోలు తియ్యి. చూశావా, నోరు మూసుకుపోయింది. మళ్ళీ పెట్టాలంటే ఎడమచేత్తో తెరవాలి. ఆ వేళ్ళు గొట్టం ముందుకొస్తాయి. నీకు వేళ్ళతో పనుందా?"

"మాంసం కోస్తాను. ఉంది."

"అయితే ఇది చెత్తబుట్టలో పారెయ్. మంచిది దొరికేదాకా నిన్ను కాల్చనివ్వను."

ఇంకో మాట గట్టిగా చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. క్లబ్బులో పిస్తోలు ఎప్పుడూ ఖాళీగానే ఒరలో ఉంటుంది. తూటాలు నింపే డబ్బీ, మ్యాగజైన్ అంటారు, విడిగా ఉంటుంది, బెల్టు మీదో జేబులోనో. నా వంతు వచ్చి, గీత దగ్గర నిలబడ్డాక, పక్కన నిలబడే ఆర్విల్ "సిద్ధం చేసుకో" అంటాడు. అప్పుడే మ్యాగజైన్ లోపల పెట్టాలి. అయిపోగానే మళ్ళీ ఖాళీ చేసి, చూపించి, ఒరలో పెట్టాలి.

"ఆ మాట నా నోట్లోంచి రాకుండా ఎవరైనా తూటా పెట్టారా, ఇక ఈ గేటు లోపలికి రారు. నిద్రలో లేపి అడిగినా నీ పిస్తోలు ఖాళీగా ఉండాలి. అర్థమైందా?"

అయింది.

మార్చి 18

ఆర్విల్ గ్యారేజీలో పాత ఓవెన్ ఉంది. వాళ్ళావిడ పోయాక అందులో రొట్టె ఎవరూ కాల్చలేదు. గట్టి ప్లాస్టిక్ రేకుని అందులో వేడి చేసి, మెత్తబడ్డాక పిస్తోలు బొమ్మ చుట్టూ అదుముతాడు. చల్లారితే ఒర తయారు. పిస్తోలు టక్కుమని కూర్చుంటుంది, తలకిందులు చేసినా పడదు, లాగితే మాత్రం వచ్చేస్తుంది.

నన్ను చేతులు వేలాడేసి నిలబడమన్నాడు. "ఆడవాళ్ళకి మగవాళ్ళ హోల్‌స్టర్ తగిలిస్తే పిడి పక్కటెముకల్లోకి వస్తుంది. మోచెయ్యి ఆకాశానికి ఎత్తాల్సొస్తుంది. మొదట్లో అందరూ చేసే తప్పు ఇదే, ముందు వస్తువు కొని తర్వాత ఒంటిని దానికి సర్దుతారు" అని, రెండు వేళ్ళంత కిందికి దించి, తుంటికి కొంచెం ఎడంగా జరిపి బిగించాడు. రెండు పొరల, వంగని బెల్టు ఇచ్చాడు. చెయ్యి వెయ్యగానే పిడి అక్కడే ఉంది, ఇంట్లో దీపం స్విచ్చి దొరికినట్టు.

"ఇది వేసుకుని బజారుకి వెళ్ళడానికి లేదు తెలుసుగా. చెట్టు మీద పిట్టగూడులా బయటికి కనపడుతుంది. మైదానంలోనే" అన్నాడు.

తెలుసు.

మార్చి 21

ఖాళీ పిస్తోలుతో అరవై సార్లు తీశాను, పెట్టాను. తూటాల పెట్టె బట్టలుతికే గదిలో పెట్టాను. సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదని ఆర్విల్ అన్నాడు.

వ్యాయామం.

మార్చి 25

పెట్రోలు బంకులో రాయిస్ కనపడ్డాడు. డ్వైట్ తమ్ముడు. అన్న ఉన్నంతసేపూ నోరెత్తడు, అన్న లేకపోతే ఊరికి పెద్దమనిషి.

"మా అన్నయ్య వస్తున్నాడు, విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"మీ చెల్లెలికి దిగులు పడొద్దని చెప్పు. ఇంకో కన్ను ఉందిగా."

నా చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంది, నిండా కాఫీతో. దాంతో వాడి మూతి మీద కొట్టాను. పళ్ళు విరిగిన చప్పుడు నాకు బాగా తెలుసు, పంది దవడ కోసేటప్పుడు వింటుంటాను. కింద పడ్డాక ఇంకోసారి కొట్టాను. మూడోసారి కొట్టబోతుంటే బంకు ఓనరు నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. రాయిస్ నెత్తురూ కాఫీ కలిపి ఉమ్ముతూ నేల మీద దేనికోసమో తడుముకున్నాడు. పన్ను అనుకుంటాను.

పోలీసు డిప్యూటీ వచ్చాడు. చిన్నప్పుడు మా వీధిలోనే ఉండేవాడు. రాయిస్ ఏమన్నాడో చెప్పాను. టోపీ తీసి తల గోక్కుని, "లియోనా, ఇంటికెళ్ళు" అన్నాడు.

ఇంటికొచ్చాక రక్తపోటు చూసుకున్నాను. తగ్గింది. నిజం.

ఏప్రిల్ 8

ఈ రోజు మొదటి పోటీ. పదిహేడు మందిలో పదహారోదాన్ని. పదిహేడోవాడు హార్లన్, లారీ డ్రైవరు, తొడలో తూటా దిగడం వల్ల పూర్తి చెయ్యలేకపోయాడు.

హార్లన్‌ది బొత్తం ఉన్న హోల్‌స్టర్. చూపుడువేలితో బొత్తం నొక్కితేనే పిస్తోలు వదులుతుంది. ఆర్విల్ నిరుడే వద్దన్నాడట. తొందరలో లాగుతూ బొత్తం నొక్కిన వేలు అదే ఊపులో ట్రిగ్గర్ మీదికి జారింది. పిస్తోలు ఒరలోంచి సగం వచ్చేలోపే పేలింది. హార్లన్ తన కాలు వైపు చూసుకుని, ఎవరో కాఫీ ఒలకబోసినట్టు "అరెరే" అన్నాడు. తర్వాత పడిపోయాడు.

అందరూ అరుస్తున్నారు. నేను వెళ్ళి అతని తొడ మీద మోకాలితో నొక్కాను, గజ్జ దగ్గర, పెద్ద నాళం ఎక్కడ పోతుందో నాకు తెలుసు. నా బెల్టు విప్పి కట్టు బిగించాను. నెత్తురు మొదట ఎగిరింది, తర్వాత కారింది, తర్వాత ఆగింది. నా మోచేతుల దాకా వెచ్చగా ఉంది. హార్లన్ నా కాలరు పట్టుకుని, "మా ఆవిడకి చెప్పొద్దు" అంటున్నాడు. ఎలా చెప్పకుండా ఉంటామో నాకు తెలియలేదు.

అంబులెన్సు వెళ్ళాక ఆర్విల్ చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాడు. ఆయన చేతులు ఊగిపోతున్నాయి. నా చేతుల వైపు చాలాసేపు చూశాడు.

"వణకలేదేంటమ్మాయ్ నీకు?"

"రోజూ చేసే పనేగా."

"చచ్చిన పందులు కదా నువ్వు కోసేది" అన్నాడు.

ఏప్రిల్ 12

కొలంబియా పట్నం వెళ్ళినప్పుడు ఇంకో హోల్‌స్టర్ కొన్నాను. ప్యాంటు లోపలికి పెట్టుకునేది. పైన చొక్కా వదిలేస్తే ఏమీ కనపడదు. కొట్టులో అమ్మాయి చాలా ఓపికగా అద్దం ముందు నిలబెట్టి చూపించింది. కూర్చోమంది, వంగమంది. "మీకు ఇది బాగా నప్పింది" అంది, గౌను అమ్మినట్టు.

మొదటిది పగిలిపోతే రిజర్వులో ఉంటుందని కొన్నాను.

ఏప్రిల్ 13

మొదటిది పగలదు. ఆర్విల్ చేసింది దాని మీంచి ట్రాక్టరు వెళ్ళినా పగలదు.

ఏప్రిల్ 19

లోపలి దాంతో ఎనభై సార్లు. ఎడమచేత్తో చొక్కా పైకి, కుడిచేత్తో పిడి. చొక్కా అడ్డం పడుతోంది. కింది రెండు గుండీలు తీసేస్తే పడటం లేదు.

ఏప్రిల్ 20

పడకగది గోడ మీద గురికోసం నల్ల టేపు ముక్క అంటించాను. మార్లిస్ ఉతికిన బట్టలు పెట్టడానికి వచ్చి, దాని ముందు ఆగిపోయింది. దాని ఎడమ కన్ను గాజుది కాబట్టి దేన్నైనా సూటిగా చూడాలంటే తల కొద్దిగా తిప్పుతుంది. అలా తిప్పి చూసింది. తర్వాత వెళ్ళి ఆ టేపు కింద గోడకి వీపు ఆనించి నిలబడింది. టేపు దాని నడినెత్తికి జానెడు పైన ఉంది.

"మీ అట్టబొమ్మలు ఇంత పొడుగుంటాయా అక్కా?" అంది.

"గదిలో ఖాళీ అక్కడే ఉంది."

"వాడి గడ్డం సరిగ్గా ఇక్కడికొచ్చేది. నాకు తెలుసు. నేను కదా కిందనుంచి చూసింది."

అది బట్టలు మంచం మీద పెట్టి, "నాకోసం ఏమీ చెయ్యకు. వింటున్నావా? నేను నిన్ను ఏమీ అడగలేదు" అని వెళ్ళిపోయింది.

టేపు కిందికి మార్చాను. భుజం ఎత్తుకి.

ఏప్రిల్ 21

మళ్ళీ పైకి మార్చాను.

ఏప్రిల్ 22

క్లబ్బు మెట్ల మీద నేను వంగినప్పుడు ఆర్విల్ చూసేశాడు. రెండోది. పోటీకి ముందు అలవాటు కోసమని పెట్టుకున్నాను.

తన ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద కూర్చోమన్నాడు. సాసేజ్ రొట్టె సగం తుంచి ఇచ్చాడు.

"దాన్ని వేసుకుని పోటీకి రావచ్చు. నిబంధన ఒప్పుకుంటుంది. కానీ నువ్వు పదో వంతు సెకను కోసం ఏడ్చే మనిషివి, చొక్కా కింద దాచి తీస్తే అర సెకను పోతుంది. మరెందుకు?"

"చలికి కోటు వేసుకుంటాం కదా."

"మే నెల వస్తోంది."

రొట్టె నమిలాను.

"అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఏ ఇంటికి ఎలాంటి కవరు వెళ్తుందో చూడగానే తెలిసేది. జైలు కవర్లకి ఒక రంగుంటుంది, ఊళ్ళో ఎవరికి వచ్చినా నా చెవిన పడుతుంది. ఎవరి నుంచి దాస్తున్నావు దాన్ని?"

"ఎవరి నుంచీ లేదు పెద్దాయనా."

"సరే. నేను నేర్పింది ఆటకి. ఇంకదేనికీ కాదు. ఆ మాట నీకు చెప్పానని నాకు గుర్తుండాలి, అందుకని చెబుతున్నాను."

ఆయన చాలా మంచివాడు. మంచివాళ్ళు ఎక్కువగా ఊహిస్తారు.

ఏప్రిల్ 30

ఒక్కసారి రాసేస్తాను, మళ్ళీ రాయను.

రెండున్నరేళ్ళ కిందట, అక్టోబరులో. చికెన్‌లో ఉప్పు ఎక్కువైందట. డ్వైట్ కాఫీ పూర్తిగా తాగాడట, కప్పు కడిగి బోర్లించాడట. తర్వాత బెల్టు తీసి, బకిల్ బయటికి ఉండేలా పిడికిలికి చుట్టుకున్నాడట. ఎన్ని దెబ్బలో మార్లిస్ లెక్కపెట్టలేదు. డాక్టర్లు చెప్పారు, పధ్నాలుగు. వాడే నాకు ఫోను చేశాడు. "వచ్చి మీ చెల్లెల్ని తీసుకుపో, ఇక్కడంతా పాడు చేసింది" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అది వంటగదిలో నేల తుడుస్తోంది. ఒక చేత్తో గుడ్డ, రెండో చెయ్యి ముఖం మీద. వేళ్ళ మధ్య నుంచి ఏదో వేలాడుతోంది. నేను ఇరవై వేల పందుల్ని కోసి ఉంటాను. అక్కడే, తలుపు దగ్గరే వాంతి చేసుకున్నాను. వాడు సోఫాలో కూర్చుని బేస్‌బాల్ చూస్తున్నాడు. నా సంచిలో ఎముకలు వేరుచేసే కత్తి ఉంది. ఆ రోజు నేరుగా పని నుంచి వచ్చాను కాబట్టి ఉంది. నేను దాన్ని తియ్యలేదు.

నేను దాన్ని తియ్యలేదు. చెల్లెల్ని ఎత్తుకుని కారులో పడుకోబెట్టాను. అందరూ మంచి పని చేశావన్నారు.

మే 9

వచ్చాడు.

మే 11

దాణా కొట్టులో పనికి కుదిరాడు. బస్తాలు మోస్తున్నాడు. మాంసం కొట్టుకి వచ్చినవాళ్ళు చెబుతున్నారు, మారిపోయాడట, చర్చికి వెళ్తున్నాడట. అలా చెప్పిన ఒకావిడకి అర కిలో బేకన్ తక్కువ తూచాను.

మే 13

పోటీలో ఆరోదాన్ని వచ్చాను. ఆర్విల్ వీపు తట్టాడు. "చూశావా, నీ ముఖం ఇప్పుడు ఎంత నిమ్మళంగా ఉంటోందో. మొదట్లో పళ్ళు కొరికేదానివి" అన్నాడు. కొత్తవాళ్ళకి నన్నే చూపించి హోల్‌స్టర్ ఎలా ఎంచుకోవాలో చెప్పాడు. ముందు నీ చెయ్యి ఎక్కడ పడుతుందో చూసుకో, ఒంటిని వస్తువుకి సర్దకు అని. నేను పక్కనే నిలబడి తలూపాను.

మే 15

రేపు దాణా కొట్టు వైపు వెళ్ళాలి. కోళ్ళకి మేత అయిపోయింది.

మే 16

మేత ఇంకా ఉంది. అయినా.

మే 27

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. దవడ తీగలతో కట్టేశారు. గొట్టంతో సూపు తాగుతున్నాను. మూడు పక్కటెముకలు విరిగాయి. ఎడమ చేతిలో రెండు వేళ్ళు. కుడి చెయ్యి మాత్రం బాగానే ఉంది, రాయగలను.

ఆ పొద్దున గదిలో ఎప్పటిలాగే తయారయ్యాను. బెల్టు. లోపలి హోల్‌స్టర్. పిస్తోలు తీసి, పైన జారే స్లయిడు వెనక్కి లాగి, ఖాళీగా ఉందని చూసుకుని, వేలు పెట్టి తడిమి చూసుకుని, ఒరలో పెట్టాను. బట్టలుతికే గదిలోకి వెళ్ళి మ్యాగజైన్ నింపి, చొక్కా ఎడమ జేబులో వేసుకున్నాను. కింది రెండు గుండీలు తీశాను. రెండు నెలలుగా ఎలా చేస్తున్నానో అలాగే చేశాను.

దాణా కొట్టు వెనక వాడు ట్రక్కులోకి బస్తాలు ఎత్తుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. ముసలివాడయ్యాడు. నుదుటి మీద చెమట.

"లియోనా" అన్నాడు. "చూడు, నేను జైల్లో చాలా ఆలోచించాను."

చొక్కా పైకి, పిడి మీద చెయ్యి. అంత బాగా ఎప్పుడూ తియ్యలేదు. టేపు ముక్క ఎక్కడుందో అక్కడే వాడి గడ్డం ఉంది. రెండు చేతులూ కలిశాయి, గొట్టం చివరి గురి ముల్లు కనపడింది, నొక్కాను.

టిక్కుమంది.

నాకు అర్థం కాలేదు. వాడికీ అర్థం కాలేదు. ఇద్దరం పిస్తోలు వైపే చూశాం. అప్పుడు తెలిసింది. సిద్ధం చేసుకోమని ఎవరూ అనలేదు. ఆ మాట కోసం నా చేతులు చూస్తూ ఉండిపోయాయి, మ్యాగజైన్ జేబులోనే ఉంది.

ఎడమచెయ్యి జేబులోకి వెళ్ళింది. సగం బయటికి తీశాను. ఈలోపు వాడు బస్తా నా మీదికి విసిరాడు. పడిపోయాను. నా చేతి మీద బూటు పెట్టి తొక్కాడు, వేళ్ళు అప్పుడే విరిగాయి. తర్వాత నా మీద కూర్చుని కొట్టాడు. పిడికిలి పైకెత్తినప్పుడల్లా వాడి ముఖం చూశాను. ఏడుస్తున్నాడు. డ్వైట్ సాకెట్ ఏడుస్తూ నన్ను కొట్టాడు. నలుగురు వచ్చి లాగేశారు. నోట్లో నెత్తురుతో పాటు జొన్నగింజలు ఉన్నాయి, ఉమ్మలేకపోయాను.

జూన్ 9

కేసు కాగితాల్లో బాధితుడు డ్వైట్. వాడు చేసింది ఆత్మరక్షణ.

లాయరు వచ్చాడు. పడుచువాడు, టై సరిగ్గా కట్టుకోలేదు. "అమ్మా, పిస్తోలు ఖాళీగా ఉంది. అదే మన అదృష్టం. మీకు క్లబ్బులో శిక్షణ ఉంది. ఖాళీగా ఉందని మీకు తెలుసు. భయపెట్టాలనుకున్నారు, అంతే. తెలుసు కదా?" అన్నాడు.

నేను దవడ చూపించాను, మాట్లాడలేనని.

"తలూపితే చాలు" అన్నాడు.

తలూపాను.

జూన్ 10

ఖాళీగా ఉందని నాకు తెలుసు. పొద్దున నేనే చూసుకున్నాను, వేలు పెట్టి తడిమాను కూడా. తెలియకుండా ఎలా ఉంటుంది.

జూన్ 11

నాకు తెలుసు.

జూన్ 12

తెలియదు.

జూన్ 30

తీగలు తీశారు. ఆర్విల్ వచ్చాడు. కోర్టులో సాక్ష్యం చెప్పమని లాయరు అడిగాడట. నేను జాగ్రత్త గల మనిషినని, పిస్తోలు ఏ స్థితిలో ఉందో తెలియకుండా ముట్టుకోనని చెప్పాలట. అదంతా నిజమే కాబట్టి చెబుతానన్నాడు.

"ఒక్క ప్రశ్న నేను నిన్ను అడగను. అడిగితే జవాబు నేను కోర్టులో చెప్పాల్సొస్తుంది" అన్నాడు. కాఫీ చల్లారేదాకా కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు, "రాత్రీ పగలూ ఖాళీగా ఉండాలని నీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. ఆ చెప్పడం వల్ల ఒకడు బతికాడు. వాడు బతికినందుకు నాకు సంతోషంగా లేదు, నువ్వు వాణ్ణి చంపనందుకు ఉంది" అన్నాడు.

గేటు దగ్గర చాలాసేపు నిలబడి తర్వాత ట్రక్కు ఎక్కాడు.

జులై 16

ఈ రోజు మార్లిస్ అడిగింది. ఇద్దరం వరండాలో బీన్స్ ఈనెలు తీస్తున్నాం.

"అక్కా, ఖాళీ అని నీకు తెలుసా?"

లాయరుకి తలూపినట్టు ఊపితే సరిపోయేది. దాని ఒక్క కన్ను నా వైపు ఉంది.

"తెలియదు" అన్నాను.

బీన్స్ గిన్నెలో వేస్తూనే ఉంది. "ఆ రోజు దాణా కొట్టు దగ్గర నేనూ ఉన్నాను" అంది. "నీ గదిలో మేకుకి ఆర్విల్ గారు చేసిన హోల్‌స్టర్ వేలాడుతోంది, పిస్తోలు లేదు. ట్రక్కు వేసుకుని వచ్చాను. నేను దిగేలోపు నువ్వు తీశావు. నేను వాణ్ణి చూడలేదు, నిన్నే చూశాను. టిక్కుమన్నాక నీ చెయ్యి జేబులోకి వెళ్ళడం కూడా చూశాను."

"నీకోసమే మార్లిస్."

"తెలుసు. వాడు కూడా నాకోసమే అనేవాడు. నాకు బుద్ధి రావడం కోసం." గిన్నె పక్కన పెట్టింది. "ఆ రోజు వాడు బెల్టు చుట్టుకుంటున్నప్పుడు ముఖం ఎలా ఉందో ఎవరికీ చెప్పలేదు నేను. కోర్టులో కోపంగా ఉన్నాడా అని అడిగితే అవునన్నాను. కోపం లేదక్కా. ఏమీ లేదు. నిమ్మళంగా ఉన్నాడు. ఆ ముఖం మళ్ళీ దాణా కొట్టు దగ్గర చూశాను. వాడిది కాదు."

నేను దాన్ని కొట్టినట్టయితే బాగుండేది, లేదా అది నన్ను. గిన్నె నా వైపు లాక్కుని ఈనెలు తీశాను.

"కోర్టులో తెలుసనే చెప్పు" అంది చివరికి. "జైలుకి వెళ్ళొద్దు. నాకింకెవరున్నారు?"

ఆగస్టు 22

తెలుసని చెప్పాను. జడ్జిగారు నమ్మారు. ఆర్విల్ నా వైపు చూడకుండా సాక్ష్యం చెప్పాడు. జైలు లేదు. ఐదేళ్ళు ఎక్కడికెళ్ళినా కోర్టువాళ్ళకి చెప్పి వెళ్ళాలి, తుపాకి ముట్టకూడదు. నాన్న పిస్తోలు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇంట్లోంచి పట్టుకెళ్ళిందీ కలిపి హోల్‌స్టర్లు రెండూ ఒక సంచిలో వేసి ఇచ్చారు, అవి ఆయుధాలు కావట.

డ్వైట్ ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. అక్కడ వాళ్ళ మామయ్య ఉన్నాడట. ఇక రాడని డిప్యూటీ చెప్పాడు. ఇంట్లో మేమిద్దరమే.

ఆగస్టు 26

మార్లిస్ బజారు నుంచి వచ్చి, బల్ల మీద ఒక పొట్లం పెట్టింది. గొళ్ళెం. తన పడకగది తలుపుకి, లోపలి వైపు.

"నువ్వు బిగిస్తావా? నాకు డ్రిల్లు సరిగ్గా పట్టుకోవడం రాదు" అంది.

వాడిక రాడని అనబోయాను. దాని ముఖం చూసి ఊరుకున్నాను. వాడికోసం కాదు అది.

అది తెచ్చింది పలచటిది, స్నానాల గదులకి పెట్టేది. ఒక్క తన్నుకి ఊడిపోతుంది. నేను మళ్ళీ బజారుకి వెళ్ళి మంచిది తెచ్చాను, ఉక్కుది, వేలంత మందం. స్క్రూలు కూడా పొడుగువి తీసుకున్నాను, చట్రం దాటి గోడలోని కర్రలోకి దిగేవి. దాని చెయ్యి లేవగానే ఎక్కడ పడుతుందో చూసి, చీకట్లో కూడా తడుముకోకుండా దొరికే ఎత్తులో గుర్తు పెట్టాను. విరిగిన వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవు. గంటన్నర పట్టింది.

అయిపోయాక దాన్ని లోపలికి పంపి, వేసుకోమన్నాను. గొళ్ళెం పడిన చప్పుడు వినపడింది.

"వేశావా?"

"వేశాను."

నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, భుజంతో తలుపుని గుద్దాను. పక్కటెముకలు నొప్పి పెట్టాయి. మళ్ళీ గుద్దాను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. కదల్లేదు. లోపల మార్లిస్ వెనక్కి అడుగులు వెయ్యడం వినపడింది.

"ఆగుతుంది" అన్నాను.

"సరే అక్కా" అంది లోపలినుంచి. తలుపు తియ్యలేదు.